కోపానికి గడి లేదు

మార్చి 3, సోమవారం

ఫారంలో పదిహేడు గడులున్నాయి. ఎన్నింటికి వెళ్లావు, ఎన్నింటికి బయటికొచ్చావు, తలుపు ఎవరు తీశారు, ఏమన్నారు, ఏయే గదులు చూపించారు, అద్దె ఎంత చెప్పారు, ఎప్పుడు దిగమన్నారు. కోపానికి గడి లేదు. ఆరేళ్లుగా నింపుతున్నాను, ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ పుస్తకం కొన్నాను.

ఇలా రాయకూడదని తెలుసు. ఉద్యోగంలో చేరిన రోజే మా ఆఫీసు మేడం చెప్పారు. "ఇల్లు చూసి వచ్చిన రెండు గంటల్లో ఫారం నింపాలి. విన్నదీ చూసిందీ రాయాలి, మీ అభిప్రాయం ఒక్క ముక్క ఉండకూడదు. ఇంకెక్కడా ఏదీ రాసుకోకూడదు. మీరు రాసిన ప్రతి కాగితం అవతలి వకీలుకు చూపించాల్సొస్తుంది" అన్నారు. బాగానే ఉంది. కానీ ఈ పుస్తకం ఇళ్ల గురించి కాదు, నా గురించి. నా కోపం ఆఫీసు సొత్తు కాదు.

మా పని ఎవరికైనా చెబితే "ఇదీ ఒక ఉద్యోగమేనా?" అంటారు. అద్దె బోర్డు ఉన్న ఇంటికి ముందు మెకానిక్ వెళ్తాడు, చక్రాల కుర్చీలో. ఒకప్పుడు లిఫ్టులు బాగుచేసేవాడు, లిఫ్టు గుంతలోనే పడ్డాడు. ఆ జోకు ఆయన వేస్తే నవ్వాలి, మనం వేస్తే ఊరుకోడు. ఆయనతో "ఇచ్చేశామండీ" అంటారు. గంటన్నర ఆగి నేను వెళ్తాను. అదే ఇల్లు నాకు ఖాళీ. తలుపు బార్లా తీస్తారు, కూర్చోమంటారు, నేను నవ్వుతాను. మెకానిక్ నన్ను నవ్వులమ్మ అని పిలుస్తాడు. ఇద్దరి ఫారాలూ పక్కపక్కన పెట్టి, కుర్చీ చూసి ఇల్లు లేదన్నారని ఇంటివాళ్ల మీద మేడం కేసు పెడతారు.

ఈ రోజు రెండు ఇళ్లు. రెండూ ఆయనకు "ఇచ్చేశాం", రెండూ నాకు ఖాళీ. రెండో ఇంటావిడ మంచినీళ్లిచ్చి "మీలాంటివాళ్లు రావాలండీ" అంది. నవ్వాను. బస్సులో వస్తుంటే దవడలు నొప్పి పుట్టాయి.

మార్చి 5, బుధవారం

మూడు ఇళ్లు. మూడుసార్లు నవ్వాను. ఒళ్లు మండుతోంది.

మార్చి 8, శనివారం

చెల్లి ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కింద మెట్ల దగ్గరే ఇద్దరూ ఎదురయ్యారు. కూతుర్ని వీపున వేసుకుని ఎక్కుతోంది, ప్రతి మలుపులో గోడకు ఆనుకుని ఆగుతోంది. వెనకాల పిల్ల చక్రాల కుర్చీ నేను మోసుకొచ్చాను.

పిల్లకు పదకొండేళ్లు. "కాలు కింద పెట్టనివ్వరు కదా, రాణిగారు అనండి నన్ను" అని తనే పేరు పెట్టుకుంది. ఇప్పుడు బడిలో కూడా అదే పేరు.

"అమ్మా, నేను ముప్పై ఆరు కిలోలు. వచ్చే ఏడాదికి నలభై. తర్వాత నీ ఇష్టం" అంటోంది వీపు మీంచి.

"నోరు మూసుకుని గట్టిగా పట్టుకో" అంది చెల్లి.

దాని మొగుడు వెళ్లిపోయి ఆరేళ్లు. యూనిఫాంలు కుట్టే చోట పొద్దంతా వంగి కూర్చుంటుంది, పొద్దునా సాయంత్రం పిల్లను మోస్తుంది. డాక్టరు ఎక్స్‌రే చూపించి బరువులెత్తొద్దన్నాడట. "ఎత్తనండీ అన్నాను. ఇంటికొచ్చి ఎత్తాను" అంది, నవ్వుతూ. నడుం పట్టుకుని మంచం మీద పక్కకు తిరగడానికి దానికి ఎంతసేపు పట్టిందో నేను చూశాను.

"కింది వాటా ఒక్కటి దొరికితే చాలక్కా. ఒక్క గదైనా సరే. మెట్లు లేకపోతే చాలు."

దొరుకుతుందన్నాను. ఆరేళ్లుగా రోజూ ఇళ్లు చూసేదాన్ని, సొంత చెల్లికి ఒక్కటి చూపించలేకపోయాను.

మార్చి 11, మంగళవారం

చెల్లి ఫోను చేసింది. బడి వెనక వీధిలో కింది వాటా ఖాళీ అని బోర్డు చూసి, పిల్లను తీసుకుని వెళ్లిందట. గేటు నుంచి గుమ్మం దాకా ఒక్క మెట్టు లేదట. బడి గంట కొడితే వినిపిస్తుందట. ఇంటాయన గుమ్మంలోనే నిలబడి కుర్చీ చక్రాల వంక చూశాడట.

"'కొత్త టైల్స్ వేయించానమ్మా, చక్రాలు తిరిగితే గీతలు పడతాయి, ఏమీ అనుకోకు' అన్నాడక్కా. పిల్ల ముందే అన్నాడు."

"రాణిగారు ఏమంది?"

"ఏమీ అనలేదు. దారి పొడుగునా చున్నీతో చక్రాలు తుడుచుకుంటూ వచ్చింది."

ఇలాంటి మాటలు ఆరేళ్లలో కొన్ని వందలు విన్నాను, విన్నవి విన్నట్టు ఫారంలో రాశాను. చక్రాలు తుడుచుకున్న పిల్లను గురించి ఏ గడిలో రాయాలి? వాడి టైల్స్ తగలబడిపోను.

మార్చి 12, బుధవారం

ఫిర్యాదు చెయ్యమన్నాను. చట్టం ఉంది. కుర్చీ ఉందని ఇల్లు లేదనడం నేరం. రుజువైతే జరిమానా ఒక్కటే కాదు, ఆ ఇల్లు ఆమెకే ఇవ్వమని హుకుం వేసే అధికారం కూడా మా ఆఫీసుకుంది. విచారణ తేలేదాకా వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపించొచ్చు.

"నువ్వు అక్కవని చెప్పాలా?" అంది చెల్లి.

"చెప్పకు. చెబితే ఆ ఇంటికి నన్ను పంపరు."

"పంపకపోతే ఏమైంది? ఇంకెవరో వెళ్తారుగా?"

ఇంకో జంట ఉంది, నిజమే. కానీ ఆ జంటలో ఆవిడ నవ్వు చూస్తేనే ఇంటివాళ్లకు అనుమానం వస్తుంది. రెండు ఇళ్లు అలాగే చెడగొట్టింది. నేను గొప్పకు చెప్పుకోవడం లేదు, ఆఫీసులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. నేను వెళ్తేనే పని సవ్యంగా జరుగుతుంది. చెల్లెలని కాదు.

మార్చి 14, శుక్రవారం

చెల్లి పిల్లను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు ఇచ్చింది.

నిన్న సాయంత్రమే వెళ్లి పిల్లకు చెప్పాను. "ఆఫీసులో నన్ను పెద్దమ్మా అనకు."

"మరేమని పిలవను?"

"ఏమనీ పిలవకు. నేనెవరో తెలియనట్టు ఉండు. రెండు నెలలే."

"సరే" అంది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఈ రోజు వరండాలో ఎదురొచ్చింది. నన్ను చూసింది, వెంటనే తల గోడవైపు తిప్పేసుకుంది. గోడ మీద ఏమీ లేదు. నేను పక్కనుంచి వెళ్లిపోయేదాకా ఆ ఏమీ లేని గోడనే చూస్తూ ఉంది. ఎంత బాగా చేసిందో! నేను నేర్పిన పని.

మార్చి 17, సోమవారం

ఫైలు వచ్చింది. మేడం బల్ల మీద పెట్టి "ఎవరు వెళ్తారు?" అన్నారు. నేను చెయ్యెత్తాను. మెకానిక్ నా చెయ్యి వంక చూశాడు. మామూలుగా నేను చెయ్యెత్తను, చెబితే వెళ్తాను.

పని ఒప్పుకుంటూ సంతకం చేసే కాగితంలో ఒక వరస ఉంటుంది: ఫిర్యాదీతో బంధుత్వం, ఉంది, లేదు. "లేదు" దగ్గర టిక్కు పెట్టాను. పెన్ను సరిగ్గా రాయలేదు, రెండుసార్లు దిద్దాల్సొచ్చింది. ఇంటిపేర్లు వేరు. ఈ పని చెయ్యడం వల్ల నష్టపోయే అమాయకుడెవడూ లేడు. ఇంటాయన ఆ మాట పిల్ల ముఖం మీదే అన్నాడు. జరిగినదాన్నే మళ్లీ జరిపించి కాగితం మీద పెట్టడానికి వెళ్తున్నాను, అంతే.

మార్చి 19, బుధవారం

మెకానిక్ పది గంటలకు వెళ్లాడు. నేను వీధి చివర బస్టాపులో ఉన్నాను. ఏడు నిమిషాల్లో బయటికొచ్చాడు. మా పద్ధతి ప్రకారం ఆయన ముఖం చూసి కూడా నేనేమీ తెలుసుకోకూడదు, అందుకని ముఖం అటు తిప్పుకుని వెళ్లిపోయాడు.

పదకొండున్నరకు నేను వెళ్లాను. అరవై దాటినాయన, ఇస్త్రీ చొక్కా. "ఖాళీయేనమ్మా, రండి రండి. చెప్పులు అక్కడ" అన్నాడు. గదులన్నీ తిప్పి చూపించాడు. తెల్లగా నిగనిగలాడుతున్నాయి టైల్స్, మూలల్లో చిన్న ఆకు బొమ్మ. ఎక్కడో చూసినట్టనిపించింది.

"మా ఆవిడ ఏరుకున్న టైల్స్ అమ్మా ఇవి. నాలుగు దుకాణాలు తిరిగింది. వేయించడం అయ్యేసరికి మనిషి లేదు. ఒక్కసారి కూడా వీటి మీద నడవలేదు" అన్నాడు. పొద్దున్నే తన చేత్తోనే తుడుస్తాడట, పనిమనిషిని ముట్టుకోనివ్వడట.

జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. ఆవిడ నడవని నేల మీద ఇంకెవరూ బతకకూడదా? అయితే అద్దె బోర్డు ఎందుకు, గుడి కట్టుకో.

తర్వాత అన్నాడు: "అందుకేగదమ్మా, చక్రాల కుర్చీలవాళ్లకు ఇవ్వను. బడి దగ్గరని వస్తుంటారు. గీతలు పడతాయి." ఆయనే అన్నాడు. నేనేం అడగలేదు.

నంబరు అడిగితే ఆఫీసు ఫోను నంబరిచ్చాను. ఆ ఫోనుకు వచ్చే మాటలన్నీ వాటంతటవే రికార్డవుతాయి. రెండు గంటల్లో ఫారం నింపాను. ఎప్పుడూ లేనంత చక్కగా కుదిరింది.

మార్చి 20, గురువారం

ఆ టైల్స్ ఎక్కడ చూశానో తెలిసింది. మా ఆఫీసు వరండాలో. అదే తెలుపు, అదే ఆకు. మెకానిక్ నాలుగేళ్లుగా రోజూ వాటి మీదే తిరుగుతున్నాడు. భోజనం వేళ వరండాలో ఎవరూ లేనప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, తలుపు నుంచి మా గది దాకా వేలితో తడిమి చూశాను.

"ఏం పోయింది నవ్వులమ్మా, చెవిదిద్దా?" అన్నాడు మెకానిక్ వెనకనుంచి.

"గీతలు వెతుకుతున్నాను."

"ఎవరివి?"

"మీవి."

కుర్చీ వెనక్కి నడిపి చక్రాల కింద చూపించాడు. "నాలుగేళ్ల సర్వీసమ్మా. జాగ్రత్తగా వెతుకు, దొరికితే చెప్పు, పెన్షన్‌కు పనికొస్తుంది."

ఒక్క గీత లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

మార్చి 26, బుధవారం

టైల్స్ ఆయన ఆఫీసు ఫోనుకు మూడోసారి చేశాడు. మొన్న శుక్రవారం, సోమవారం, ఈ రోజు. "ఏమ్మా, ఎప్పుడు దిగుతున్నారు? మీకోసమే అట్టేపెట్టాను. ఎవరికీ చూపించడం లేదు" అన్నాడు. ఆ రోజు పది గంటలకు మెకానిక్‌కు "నిన్ననే ఇచ్చేశాను" అని చెప్పిన ఇల్లు! ఇంట్లోవాళ్లను అడిగి చెబుతానన్నాను, నవ్వుతూ. ఫోనులో కూడా నవ్వు వినిపిస్తుందని ఈ ఉద్యోగంలోనే నేర్చుకున్నాను.

ఆయనే అన్నాడు చక్రాల మాట. నేనేం అడగలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

నోటీసు వెళ్లింది. ఇల్లు వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపారు. మేడం చాలా సంతోషంగా ఉన్నారు. "చాలా గట్టి కేసు. ముఖ్యంగా ఆ చక్రాల మాట, తన నోటితో తనే అన్నాడు" అని నా ఫారం మీద వేలితో కొట్టారు. నేను కిటికీ బయటికి చూశాను.

చెల్లి అప్పుడే బడి వెనక వీధిలో అంగళ్లు ఎక్కడెక్కడున్నాయో చూసి వచ్చిందట. పరదాలకు గుడ్డ కూడా చూసుకుందట. వద్దనలేకపోయాను.

ఏప్రిల్ 28, సోమవారం

మెకానిక్ టీ తాగుతూ "ఆ పాప నీకేమవుతుంది?" అన్నాడు.

"ఏ పాప?"

"వరండాలో నిన్ను చూసి గోడ చూసిన పాప. నాలుగేళ్లలో నన్ను చూసి గోడ చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ చూపు వేరు. ఆ పాప నిన్ను చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది."

కప్పు బల్ల మీద పెట్టాడు.

"నేనేమీ అడగలేదు, నువ్వేమీ చెప్పలేదు. కానీ పోయి మేడంతో చెప్పు. ఇప్పుడు చెబితే ఫారం ఒక్కటే పోతుంది. మేము మళ్లీ వెళ్తాం, వేరే ఆవిడను తీసుకుని."

"ఆయనకు నోటీసు అందింది. ఇప్పుడు ఎవరెళ్లినా సింహాసనమేసి కూర్చోబెడతాడు."

"అది నిజమే" అన్నాడు. ఆయన ఇంకేమైనా అంటే పోట్లాడదామని చాలాసేపు కూర్చున్నాను. ఆయనకేం, నీతులు చెప్తాడు. పిల్లను మూడంతస్తులు మోసేది ఆయనా?

మే 2, శుక్రవారం

చెప్పలేదు.

మే 9, శుక్రవారం

మంగళవారం చెల్లి మెట్ల మీద కూలబడిందట. పిల్లను వీపునుంచి జారనివ్వకుండా మోకాళ్ల మీద పడింది. పై ఇంటి కుర్రవాళ్లు వచ్చి ఇద్దర్నీ ఎత్తారు. రెండు మోకాళ్లూ దోక్కుపోయాయి. పిల్ల మూడు రోజులుగా బడికి వెళ్లనంటోంది. "కాళ్లు నొప్పిగా ఉన్నాయి" అందట. ఏ కాళ్లు అని చెల్లి అడిగితే "అమ్మ కాళ్లు" అందట.

విచారణ వచ్చే శుక్రవారం. చెప్పను. ఎవరికీ చెప్పను. ఏం చేస్తారో చెయ్యనీ.

మే 16, శుక్రవారం

విచారణ మా ఆఫీసులోనే, వరండా చివరి గదిలో. విచారణాధికారి ఒకరు, మేడం, టైల్స్ ఆయన, ఆయన వకీలు. చెల్లీ పిల్లా వెనక బల్ల దగ్గర. టైల్స్ ఆయన నన్ను చూసి నమ్మలేకపోయాడు. "ఈవిడా?" అన్నాడు గట్టిగానే. నా ముఖాన నవ్వు లేకుండా ఆయన ఎప్పుడూ చూడలేదు.

ముందు మెకానిక్ చేత ప్రమాణం చేయించారు. వకీలు అడిగాడు. "మా క్లయింటుతో మీరు కోపంగా మాట్లాడారా?"

"మాట్లాడానండీ. వచ్చేటప్పుడు గేటు కూడా గట్టిగా వేశాను."

"మీ రిపోర్టులో గేటు మాట లేదే?"

"గేటుకు గడి లేదండీ."

విచారణాధికారి కూడా నవ్వు ఆపుకున్నారు. దాచుకోవాల్సిన మాటలన్నీ ఆయన అలా చెప్పేస్తుంటే నేను సంచిని కాళ్ల దగ్గరికి లాక్కున్నాను.

తర్వాత నేను. వకీలు ఎన్నింటికి వెళ్లానో అడిగాడు, ఏ గదులు చూశానో అడిగాడు, తడుముకోకుండా చెప్పాను. చివర్లో అడిగాడు, కాగితం తిప్పుకుంటూ, నా వైపు చూడను కూడా చూడకుండా. అందర్నీ అడిగే ప్రశ్న అది.

"ఈ రిపోర్టు కాక, ఈ ఇంటి గురించి ఇంకెక్కడైనా ఏమైనా రాశారా?"

"లేదు" అన్న మాట నాలిక చివరే ఉంది. చాలా తేలిక. కానీ "ఇచ్చేశాం" అనేవాళ్ల ముఖం ఎలా ఉంటుందో మెకానిక్ ఎన్నోసార్లు చెప్పాడు. ఆ మాట అనేముందు ఒక్కసారి కళ్లు ఇంట్లోకి పోతాయట, ఖాళీ గదివైపు. అప్పుడే తెలిసిపోతుందట ఆయనకు. వకీలు ప్రశ్న వినగానే నా కళ్లు నా సంచి వైపు పోయాయి. పోయాయని నాకే తెలిసింది. ఇంక ఆ ముఖం నా ముఖానికి తగిలించుకుని, అదే గొంతుతో, అదే మర్యాదతో "లేదండీ" అనాలి. నా వల్ల కాలేదు.

"రాశాను" అన్నాను.

వకీలు తలెత్తాడు. "ఏం రాశారు?"

"నా డైరీ. మొత్తం ఉంది అందులో."

మేడం పెన్ను కింద పెట్టేశారు. విచారణ సోమవారానికి వాయిదా వేసి, ఆ రోజు పొద్దున్నే పుస్తకం వకీలుకు అందించాలని విచారణాధికారి ఉత్తర్వు వేశారు. వెనకనుంచి చెల్లి లేచిన చప్పుడు, కుర్చీ చక్రాల చప్పుడు, తలుపు చప్పుడు వినిపించాయి. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

మే 17, శనివారం

పొద్దున మేడం పిలిచారు. బంధుత్వం సంగతి నేనే చెప్పాను. పుస్తకంలో చదివి తెలుసుకోవడం కంటే అదే మర్యాద అనిపించింది.

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే తిరిగి అరిచేదాన్ని. "మీ సాక్ష్యం పోతుంది. ఉద్యోగం పోతుంది. కేసు ఉంటుందో పోతుందో నేను చెప్పలేను" అన్నారు. ఫైలు మూసి "ఒక్క మాట అడుగుతాను. మార్చిలో మీ చెల్లెలని నాతో చెప్పుంటే నేను ఇంకో జంటను పంపించేదాన్ని. అప్పటికి ఆయనకేమీ తెలియదు. ఎంత తేలిగ్గా అయిపోయేది! ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

నా కోపం నా చేతుల్తోనే తీర్చుకోవాలనుకున్నాను కాబట్టి. ఆవిడతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మధ్యాహ్నం చెల్లి ఇంటికి వెళ్లాను. మూడంతస్తులు ఎక్కేసరికి నాకే ఆయాసం వచ్చింది. తలుపు తీసి "ఎందుకొచ్చావ్?" అంది.

"చెప్పాలిగా."

"ఏం చెప్తావ్? లేదు అని ఒక్క మాట. ఒక్క మాట అనడానికి నోరు రాలేదా నీకు? వాడు నా పిల్ల ముందు అబద్ధమాడలేదు, నిజమే చెప్పాడు, ఇల్లు ఇవ్వనన్నాడు. నువ్వూ నిజమే చెప్పావు, ఇల్లు పోగొట్టావు. మీరిద్దరూ బాగున్నారు. నీ నిజాయితీకి నా నడుం అద్దె కట్టాలా?"

"కేసు ఇంకా పోలేదే."

"రెండు పేజీలు చింపెయ్. వాడి ఇంటికి వెళ్లిన రోజుదీ, ఆ టిక్కు పెట్టిన రోజుదీ. పుస్తకం ఉందన్నావు గానీ ఎన్ని పేజీలో చెప్పలేదుగా! ఎవడొచ్చి లెక్కపెడతాడు?"

పుస్తకం సంచిలోనే ఉంది. చెల్లి సంచి వైపు చూసింది, చెయ్యి చాపింది, మళ్లీ తనే వెనక్కి తీసుకుంది. గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. దాని పక్కన కూర్చుందామని వంగితే "ముట్టుకోకు" అంది.

రాణిగారు కిటికీ దగ్గర పుస్తకం చదువుకుంటున్నట్టు నటిస్తోంది. వెళ్లబోతుంటే పిలిచింది.

"సోమవారం నేను కూడా వస్తా. అక్కడ పిలవొచ్చా?"

"ఏమని?"

"పెద్దమ్మా అని. రెండు నెలలు అయిపోయాయిగా."

మెట్ల మీద రెండో మలుపులో కూర్చుండిపోయాను. పదకొండేళ్ల పిల్లకు నేను చేసింది చూసుకున్నాక, టైల్స్ ఆయన ఒక్కడి మీదే కోపం పెట్టుకోవడం కుదరడం లేదు.

మే 18, ఆదివారం

టైల్స్ ఆయన గారికి.

రేపు పొద్దున్నే, విచారణకు ముందే, ఈ పుస్తకం మీ వకీలు చేతికి వస్తుంది. ఆయన మీకు చదివి వినిపిస్తాడు. నాకోసం రాసుకున్న పుస్తకం ఇది, చివరి పేజీ మాత్రం మీకోసం రాస్తున్నాను. ఒక్క కాగితం చింపలేదు, కుట్టు చూసుకోండి.

మీకు పనికొచ్చేది ముందే చెబుతాను, వెతుక్కునే శ్రమ ఉండదు. బంధుత్వం దగ్గర "లేదు" అని టిక్కు పెట్టాను. ఫిర్యాదు చేసినామె నా సొంత చెల్లెలు. ఇంకొకటి. "నేనేం అడగలేదు" అని ఈ పుస్తకంలో రెండుచోట్ల రాశాను. అడిగాను. "ఇంత మంచి టైల్స్, చక్రాలూ అవీ తగిలితే పాడైపోవూ?" అన్నాను, నవ్వుతూ. అప్పుడు మీరు "అందుకేగదమ్మా" అన్నారు. మీ నోటినుంచి ఆ మాట రప్పించడానికే వెళ్లాను, రప్పించాను. అది తప్పు. ఆరేళ్లలో ఎప్పుడూ చెయ్యలేదు. నా మాట నమ్మాలని లేదు.

సరే. ఇప్పుడు నన్ను తీసేయండి. నా ఫారం చింపేయండి, నా సాక్ష్యం కొట్టేయండి, నా ఉద్యోగం తీసుకోండి. ఏం మిగిలింది? పది గంటలకు మెకానిక్ వచ్చాడు, "నిన్ననే ఇచ్చేశాను" అన్నారు. ఆయన గేటు గట్టిగా వేసినట్టు తనే ఒప్పుకున్నాడు, అలాంటివాడు మీ మాట ఒక్కటి మార్చి చెబుతాడా? ఆ తర్వాత మీరు ఆఫీసు ఫోనుకు మూడుసార్లు చేశారు. ఆ ఫోను నాది కాదు. "మీకోసమే అట్టేపెట్టాను, ఎవరికీ చూపించడం లేదు" అన్న గొంతు మీది. నేను అడిగి అనిపించిన మాట కాదు అది, మీ అంతట మీరు ఫోను చేసి అన్నారు. ఇవ్వని ఇంటిని ఇచ్చేశానన్నారు. నేను అబద్ధమాడాను, ఒప్పుకున్నాను. ఇప్పుడు మీ వంతు.

మీ ఆవిడ గురించి మీరు చెప్పింది ఫారంలో రాయలేదు. దానికీ గడి లేదు. ఆవిడ ఏరుకున్న నేలను మీరు రోజూ తుడుస్తున్నారని చెల్లికి చెప్పాను. "నేనూ తుడుస్తానుగా" అంది. మీతో ఆ మాట చెప్పే అవకాశం దానికి మీరివ్వలేదు. అది వచ్చిన రోజున దాని కూతురు మీ గేటు నుంచి తన ఇంటిదాకా చక్రాలు తుడుచుకుంటూ వెళ్లింది. అది మాత్రం నేను మర్చిపోను. మీరు ఇల్లు ఇచ్చినా మర్చిపోను.

ఇంకొక్కటి. రేపు పదిన్నరకు విచారణ. గేటు దాటాక పెద్ద తలుపు, తర్వాత వరండా. మొన్న శుక్రవారం కూడా మీరు అటే నడిచి వచ్చారు, ఎవరి ముఖం చూడాల్సొస్తుందోనని తల పైకెత్తుకుని. రేపు కొంచెం ముందుగా రండి. మీ ఇంట్లో వేసిన టైల్సే అవి, మూలల్లో అదే ఆకు. వాటి మీద ఒక మనిషి నాలుగేళ్లుగా రోజుకు పదిసార్లు చక్రాల కుర్చీ నడుపుతున్నాడు. రేపు అదే వరండాలో ఒక పిల్ల కుర్చీలో ఎదురొచ్చి, అందరి ముందూ నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది.

కింద చూసి నడవండి.